అల్ట్రాసోనిక్ తొట్టిలో పెట్రోల్ పొయ్యకూడదని తెలుగులో ఎవరూ చెప్పరేం?

సంపాదకుల గారికి నమస్కారం.

నరసన్నపేటలో నాకో చిన్న రిపేరు షాపు ఉంది. బైకులు, మందు కొట్టే స్ప్రేయర్లు, తుప్పలు కొట్టే బ్రష్ కట్టర్లు, నీళ్ళ ఇంజిన్లు, కళింగపట్నం వైపు నుంచి వచ్చే బోటింజిన్ల కార్బొరేటర్లు, ఏది వస్తే అది విప్పుతాను. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. పత్రికకి ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి, అందుకని రాయాల్సి వచ్చిన సంగతి ముందే చెప్పేస్తాను.

పోయిన నెల పక్క మండలంలో కొత్తగా షాపు పెట్టిన కుర్రాడొకడు, నీళ్ళని సన్నగా వణికించి పార్టులు కడిగే అల్ట్రాసోనిక్ మెషీన్ ఆన్‌లైన్‌లో తెప్పించానని, ఒకసారి వచ్చి చూడమని ఫోన్ చేశాడు. వెళ్ళాను. గుమ్మంలో అడుగు పెట్టేసరికే గుప్పుమని పెట్రోల్ వాసన. బల్ల మీద మూడు లీటర్ల స్టీలు తొట్టి, అందులో సగానికి పైగా పెట్రోల్, ఆ పెట్రోల్లో మునిగి ఒక బైకు కార్బొరేటర్, హీటర్ అంకె 60 చూపిస్తోంది, అతని వేలు స్విచ్ మీద ఉంది. నేను అరిచిన అరుపుకి పక్క టీకొట్టు వాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు. బయట మెయిన్ ఆపించి, తలుపులూ షట్టరూ తెరిచి, పెట్రోల్ క్యాన్‌లోకి వంపాక గానీ నా గుండె దడ తగ్గలేదు.

"ఏటి మావా, కార్బొరేటర్ పెట్రోల్‌తోనే కదా కడుగుతాం?" అన్నాడు ఆ కుర్రాడు.

అతన్ని ఏమని తిట్టను? మా గురువులు మాకు నేర్పిందీ, మేము మా దగ్గర పనికి చేరిన పిల్లలకి నేర్పిందీ అదే. మగ్గులో పెట్రోల్ పొయ్యి, కార్బొరేటర్ ముంచు, పాత టూత్ బ్రష్‌తో రుద్దు. ఆ అలవాటు మీద ఒక మెషీన్ చేతికొస్తే అందులోనూ పెట్రోలే పోస్తారు. మెషీన్‌తో వచ్చిన కాగితం అడిగి తీసుకున్నాను. చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు, అట్టపెట్టె మీద కళ్ళజోడు, ఉంగరం బొమ్మలు. మండే ద్రవాలు పొయ్యకూడదని ఆ కాగితంలో ఒక్క లైను ఉంది, నిజమే, కానీ ఇంటర్ మధ్యలో మానేసి పానా పట్టుకున్న కుర్రాడికి ఆ లైను కనిపించాలంటే ఎలా? అమ్మినవాళ్ళు ఫోన్‌లో చెప్పలేదు, తెచ్చిచ్చిన అబ్బాయికి అందులో ఏముందో కూడా తెలియదు.

పెట్రోల్ ఆవిరి అంటుకోవడానికి మన ఎండలు కూడా అక్కర్లేదు, సున్నాకి 40 డిగ్రీలు తక్కువ చలిలోనే అది అంటుకునేంత ఆవిరి వదులుతుంది. అలాంటిది కింద హీటర్, లోపల కరెంటు బోర్డు, తిరిగే ఫ్యాను ఉన్న పెట్టె మీద పోసి, వేడి చేసి, పైగా సెకనుకి వేల సార్లు ఊపితే ఏమవుతుందో వేరే చెప్పాలా? కిరోసిన్ అయితే పరవాలేదు అనుకునేవాళ్ళూ ఉన్నారు. అదీ తప్పే. కిరోసిన్ దాదాపు 40 డిగ్రీలకే ప్రమాదంలోకి వస్తుంది, ఈ హీటర్లు 60, 80 దాకా పోతాయి. థిన్నర్, స్పిరిట్ కూడా అంతే. ఈ తొట్టిలో పొయ్యాల్సింది నీళ్ళు, నీళ్ళలో కలిపే క్లీనింగ్ లిక్విడ్. ఇంకేదీ కాదు. ఈ ఒక్క విషయం మీ పత్రికలో పెద్ద అక్షరాల్లో పడితే చాలని మొదట అనుకున్నాను. రాయడం మొదలుపెట్టాక, అసలు ఏ మెషీన్ కొనాలో కూడా మన వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు కదా అనిపించి, నాకు తెలిసింది కూడా రాస్తున్నాను.

ఈ మెషీన్ అవసరమా అంటే, అవసరమే అంటాను. మన జిల్లాలో చిన్న ఇంజిన్లు ఏడాదంతా తిరిగేవి కావు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రం మీద వేట నిషేధం, ఆ రెండు నెలలూ బోటింజిన్లు ఒడ్డునే. ఉద్దానంలో బ్రష్ కట్టర్లు జీడితోటల్లో తుప్పలు కొట్టే రోజుల్లో తిరుగుతాయి, తర్వాత కొట్టు గదిలో మూల. స్ప్రేయర్లు వరిచేలో పని ఉన్నప్పుడు మాత్రమే. ట్యాంకులో, కార్బొరేటర్‌లో మిగిలిపోయిన పెట్రోల్‌లో తేలిక భాగం ఆవిరైపోయి, మిగిలింది బంకలా తయారవుతుంది. టూ స్ట్రోక్ వాటిలో ఆయిల్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఇంకా జిగురు. 2025 నాటికి పెట్రోల్లో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇథనాల్‌కి గాలిలోని చెమ్మ పీల్చే గుణం ఉంది, సముద్రం పక్క ఊళ్ళలో చెమ్మకి కరువేముంది, ఆ నీళ్ళు కార్బొరేటర్ గిన్నె అడుక్కి దిగి, అక్కడ లోహం తుప్పు పట్టి తెల్లటి పొడి పేరుకుంటుంది. నాలుగు నెలల తర్వాత తాడు ఎంత లాగినా ఇంజిను స్టార్ట్ అవ్వదు. చోక్ వేస్తే ఒక నిమిషం తిరిగి ఆగిపోతుంది. అలా జరిగితే తొంభై పాళ్ళు, కార్బొరేటర్‌లో పెట్రోల్ సన్నగా వచ్చే పైలట్ జెట్ మూసుకుపోయినట్టే.

ఆ పైలట్ జెట్ చూడాలి మీరు. ఇత్తడిది, గోరంత కూడా ఉండదు, దాని రంధ్రం అర మిల్లీమీటరు కంటే సన్నం. వెలుగుకెదురుగా పెట్టి ఒక కన్ను మూసి చూస్తే సూదిమొనంత చుక్క కనపడాలి, కనపడలేదంటే మూసుకుపోయినట్టు. మనవాళ్ళు ఏం చేస్తారు? క్లచ్ కేబుల్లోంచి ఒక పోగు తీసి దాంట్లో పొడుస్తారు. నేనూ పదిహేనేళ్ళు అదే చేశాను. ఇత్తడి మెత్తన, ఉక్కు పోగు గట్టిది, పొడిచిన ప్రతిసారీ రంధ్రం కొంచెం గీసుకుపోయి పెద్దదవుతుంది. బండి స్టార్ట్ అవుతుంది, రైతు సంతోషంగా డబ్బులిచ్చి వెళ్తాడు, నెల తర్వాత మైలేజీ పడిపోయిందని, ప్లగ్ నల్లగా మసి పడుతోందని మళ్ళీ వస్తాడు. రంధ్రం సైజు తయారుచేసినవాడు లెక్కవేసి పెట్టాడు, దాన్ని మనం పోగుతో మార్చేస్తున్నాం. ఈ పాపం మానేయడానికి ఈ మెషీన్ పనికొస్తుంది, అందుకే అవసరం అంటున్నాను.

అది ఎలా పని చేస్తుందంటే, తొట్టి అడుగున బయటివైపు అంటించిన బిళ్ళలు, ట్రాన్స్‌డ్యూసర్లు అంటారు వాటిని, కరెంటు అందగానే సెకనుకి 40 వేల సార్లు వణుకుతాయి. ఆ వణుకుకి నీళ్ళలో కంటికి కనపడనంత చిన్న బుడగలు పుట్టి వెంటనే పగులుతాయి. పగిలిన ప్రతి బుడగా పక్కనున్న మడ్డిని ఒక దెబ్బ కొడుతుంది. మన బోటువాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది, ఎందుకంటే వేగంగా తిరిగే ప్రొపెల్లర్ రెక్కల మీద పురుగు తిన్నట్టు గుంటలు పడటం వాళ్ళు చూస్తూనే ఉంటారు, ఆ గుంటలు చేసేది కూడా ఇలాంటి బుడగలే. అక్కడ నష్టం చేసే పనిని ఇక్కడ అదుపులో పెట్టి వాడుకుంటున్నాం. బ్రష్ వెళ్ళని చోటికి, పోగు వెళ్ళకూడని చోటికి నీళ్ళు వెళ్తాయి, నీళ్ళు వెళ్ళిన చోటల్లా ఈ దెబ్బ వెళ్తుంది.

నేను మొదట కొన్నది తప్పు మెషీన్. కళ్ళజోళ్ళూ గొలుసులూ కడిగే చిన్నది, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలాంటిది, హీటర్ లేదు. బ్రష్ కట్టర్ కార్బొరేటర్ అందులో పట్టింది గానీ నీళ్ళ ఇంజిన్‌ది పట్టలేదు, సగం మునిగి సగం పైకి తేలింది, మునిగిన సగమే శుభ్రపడింది. కాబట్టి లీటర్లు చూసి కొనొద్దు. మీ దగ్గరికి వచ్చే వాటిలో పెద్ద పార్టు ఏదో దాన్ని స్కేలు పెట్టి కొలవండి, పొడవు, వెడల్పు, ఎత్తు. బుట్టలో పెట్టాక దాని మీద రెండు వేళ్ళ నీళ్ళు నిలవాలి, తొట్టి అంచుకి ఇంకా జాగా ఉండాలి. మూడు లీటర్లది సాధారణంగా 24 సెంటీమీటర్ల పొడవు, 13 పైచిలుకు వెడల్పు, 10 లోతు ఉంటుంది, స్ప్రేయర్, బ్రష్ కట్టర్, వంద సీసీ బైకు కార్బొరేటర్లకి సరిపోతుంది. ఆరు లీటర్లది 30 పొడవు, 15 వెడల్పు, 15 లోతు. బుల్లెట్లు, బోటింజిన్లు, జనరేటర్లు చేసేవాళ్ళకి ఆ లోతు ముఖ్యం. నన్నడిగితే మన ఊళ్ళలో అన్ని రకాలూ చేసే షాపుకి ఆరు లీటర్లదే సరైంది.

మరీ పెద్దది కూడా వద్దు. నాకు తెలిసిన ఒకాయన ముద్ర లోన్ తీసుకుని 22 లీటర్లది కొన్నాడు. అది నింపడానికి లిక్విడ్ ఎక్కువ, వేడెక్కడానికి చాలాసేపు, ఒక్క కార్బొరేటర్ కోసం అంత తొట్టి వేడి చెయ్యడం ఎందుకని పక్కన పెట్టేశాడు, ఇప్పుడు దాని మీద ఖాళీ ఆయిల్ డబ్బాలు ఉన్నాయి. నెల వాయిదా మాత్రం కడుతున్నాడు.

వాట్ల దగ్గర జరిగే మోసం గురించి గట్టిగా రాయాలి. పెట్టె మీద 300 వాట్లు అని ఉంటుంది. అందులో హీటర్ ఎంత, వణికే బిళ్ళలకి ఎంత అని అడిగితే చాలాసార్లు జవాబు రాదు. హీటర్ వాట్లు మడ్డిని కొట్టవు, నీళ్ళు కాస్తాయంతే. అల్ట్రాసోనిక్ వాట్లు ఎన్ని అని విడిగా అడగండి. ట్రాన్స్‌డ్యూసర్లు ఎన్ని అని కూడా అడగండి. మామూలుగా ఒక్కోటి 60 వాట్లు ఉంటుంది, మూడు లీటర్లదానికి రెండు, ఆరు లీటర్లదానికి మూడు, పది లీటర్లదానికి నాలుగు ఉండాలి. ఆరు లీటర్ల తొట్టికి రెండే బిగించి అమ్మితే అది తొట్టి పెద్దది, పని చిన్నది.

కిలోహెర్ట్జ్ అనే అంకె ఇంకొకటి ఉంటుంది, బిళ్ళలు సెకనుకి ఎన్ని వేల సార్లు వణుకుతాయో చెప్పేది. 40 ఉన్నది మనకి సరిపోతుంది. 25, 28 ఉన్నవాటిలో బుడగలు పెద్దవి, దెబ్బ గట్టిది, బరువైన ఇనుప సామాను కడగడానికి మంచివే గానీ మెత్తటి అల్యూమినియం మీద గుంటలు పెట్టే భయం ఉంది, చప్పుడు కూడా భరించలేం. 80, ఆ పైన ఉన్నవి మరీ సున్నితమైన పనికి. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినపడదు కదా, మరి మెషీన్ చప్పుడు వినపడుతోందేంటని ఒకాయన నన్ను అడిగాడు. అసలు కంపనం వినపడదు, దాని వెంట పుట్టే మిగతా చప్పుళ్ళు వినపడతాయి, పెనం మీద నీళ్ళు చిలకరిస్తే చిటచిటలాడినట్టు ఉంటుంది. ఆ చిటచిట సమంగా ఉంటే మెషీన్ బాగున్నట్టు, ఒకవైపు నుంచే వస్తుంటే ఒక బిళ్ళ ఊడిపోయిందేమో చూసుకోవాలి.

కొన్న రోజే ఒక పరీక్ష చెయ్యండి. వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు ఉంటుంది, అందులోంచి తొట్టి పొడవంత ముక్క చింపి, ముడత పడకుండా నీళ్ళలో నిలువుగా దించి, అడుగుకి తగలకుండా ఒక నిమిషం పట్టుకోండి. వేళ్ళు మాత్రం నీళ్ళలో పెట్టకండి, చేత్తో కాకుండా రెండు బట్టల క్లిప్పులతో పట్టుకుంటే మంచిది. తీసి వెలుగుకి చూస్తే రేకంతా చిన్నచిన్న చిల్లులు, గుంటలు పడి ఉండాలి. నేను నా రెండో మెషీన్‌కి ఈ పరీక్ష చేసినప్పుడు ఎడమవైపు జల్లెడలా అయింది, కుడి చివర జానెడు మేర అద్దంలా మెరుస్తూ అలాగే ఉంది. ఆ రేకు ఫోటో తీసి పంపితే అమ్మినవాళ్ళు మారు మాట లేకుండా మెషీన్ మార్చారు. ఫోటో లేకుండా "సరిగ్గా కడగట్లేదండీ" అంటే ఎవరు వింటారు? ఆ రేకు ముక్క ఇప్పటికీ షాపులో గోడకి అంటించే ఉంది.

హీటర్ ఉన్నదే కొనండి. 50 నుంచి 60 డిగ్రీల మధ్య బంక కరుగుతుంది, చల్లటి నీళ్ళలో గంట పెట్టినా కరగదు. టైమర్ ఉండాలి, మర్చిపోయి గంటలు వదిలేస్తే పార్టే అరిగిపోతుంది. నీళ్ళు బయటికి వదిలే కుళాయి ఉండాలి, ఆరు లీటర్ల మురికి నీళ్ళు ఎత్తి వంచితే తప్పకుండా కాస్త కరెంటు బోర్డు వైపు పోతుంది. స్టీలు బుట్ట ఉండాలి. ఈ బుట్ట సంగతి చాలామంది పట్టించుకోరు. పార్టుని తొట్టి అడుగున పెడితే అడుగు రేకు అరుగుతుంది, కింద బిళ్ళకి భారం పడి అది పాడవుతుంది. నీళ్ళు లేకుండా, లేదా సగం కంటే తక్కువ నీళ్ళతో స్విచ్ వేస్తే కూడా అంతే, బిళ్ళలు కాలిపోతాయి. మూడు పిన్నుల ప్లగ్గు, నిజంగా భూమిలోకి దిగిన ఎర్తు ఉండి తీరాలి. నీళ్ళూ కరెంటూ ఒకే పెట్టెలో ఉన్నాయి, తడి చేతులతో పని, కింద తడి నేల. మా వీధిలో సగం షాపులకి ఎర్త్ పిన్ను పేరుకే ఉంది.

ఇక లిక్విడ్. ఇక్కడ నేను చేసిన పొరపాటు దాచను. మొదట్లో లిక్విడ్ ఖరీదు చూసి, ఎవరో చెప్పారని, పైపుల్లో అడ్డం తీసే కాస్టిక్ పొడి వేడి నీళ్ళలో కలిపాను. కొత్తపేట వైపు రైతుది నీళ్ళ ఇంజిన్ కార్బొరేటర్ అందులో వేశాను. వెయ్యగానే బుసబుసమని పొంగింది, శుభ్రపడుతోందనుకున్నాను. పావుగంటకి తీస్తే బొగ్గులా నల్లగా ఉంది, వేలితో రాస్తే నలుపు అంటుకుంది, గిన్నె అంచు తినేసింది. అల్యూమినియంకి కాస్టిక్ పడదు, ఆ బుస హైడ్రోజన్ గ్యాస్, అది కూడా మండేదే. ఆయనకి కొత్త కార్బొరేటర్ నా డబ్బుతో కొనిచ్చాను, వరి ఎండిపోతున్న రోజులు, రెండు రోజులు ఆయన ఇంజిను ఆగిపోయినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. అల్యూమినియంకి, ఇత్తడికి పనికొస్తుందని సీసా మీద రాసి ఉన్న లిక్విడ్ మాత్రమే, సీసా మీద చెప్పిన పాళ్ళలో కలపండి. మామూలు జిడ్డుకి గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు చాలు. నిమ్మ ఉప్పు, వెనిగర్ ఇనుప తుప్పుకి సరే, కార్బొరేటర్లకి వద్దు, వాటిలో జింక్ కలిసి ఉంటుంది, ఆమ్లం తినేస్తుంది.

ఖర్చు తగ్గించుకునే దారి ఒకటుంది. తొట్టిలో మామూలు నీళ్ళు పోసి, జెట్లలాంటి చిన్న పార్టుల్ని లిక్విడ్ కలిపిన గాజు గ్లాసులో వేసి, ఆ గ్లాసు పైన నుంచి తీగతో వేలాడదీసి నీళ్ళలో ఉంచండి. గాజులోంచి కంపనం బాగా పోతుంది. ప్లాస్టిక్ డబ్బాలో పెడితే అదే పీల్చేసుకుంటుంది. జెట్లు బుట్టలోంచి జారి పోతున్నాయంటే టీ వడపోసే స్టీలు జల్లెడలో వెయ్యండి, నేను అదే వాడతాను. ఆ జల్లెడలో పైలట్ జెట్ వేసి దగ్గరగా చూస్తే, మొదటి నిమిషంలోనే రంధ్రంలోంచి సన్నటి నల్ల దారంలా మురికి బయటికి వస్తుంది, అగరుబత్తి పొగలా వంకర్లు తిరుగుతూ. ఎన్నిసార్లు చూసినా చూడాలనిపిస్తుంది నాకు.

వెయ్యడానికి ముందు విప్పాల్సినవి విప్పాలి. రబ్బరు ఓరింగులు, ప్యాకింగులు, నీడిల్ వాల్వు, బ్రష్ కట్టర్ వాటిలో ఉండే పల్చటి పొర, కొన్ని బైకులకి స్లైడ్ మీద ఉండే రబ్బరు డయాఫ్రమ్, ఇవేవీ తొట్టిలోకి పోకూడదు. ఎయిర్ స్క్రూ విప్పే ముందు లోపలికి తిప్పి ఎన్ని చుట్లు ఉందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. పైన పట్టిన మట్టి, ఉప్పు ముందే బయట కడిగేయండి, లేకపోతే తొట్టి నీళ్ళు మొదటి పార్టుకే బురదవుతాయి. కొత్తగా పోసిన నీళ్ళలో గాలి ఉంటుంది, అది పోయేదాకా పార్టు పెట్టకుండా ఉత్తగా పది నిమిషాలు మెషీన్ నడపండి. తర్వాత పార్టు వేసి పది నిమిషాలు, తిరగేసి ఇంకో పది. తీశాక మంచి నీళ్ళతో కడిగి, కళ్ళకి అద్దాలు పెట్టుకుని, ప్రతి దారిలోనూ గాలి కొట్టాలి. మన తీరం వెంట బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పన, వాటితో ఆఖరిసారి కడిగితే ఆరాక జెట్‌లో తెల్లగా ఉప్పు మిగులుతుంది, ఒక సీసా ఆర్వో నీళ్ళు దానికి కేటాయించండి. ఇనుప పార్టులైతే వెంటనే పల్చగా నూనె రాయాలి, గంటలో తుప్పు పడుతుంది.

కొత్త బైకుల్లో కార్బొరేటర్ బదులు పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు కూడా ఇందులో వేసి కడుగుతామంటున్నారు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల) బైకుల్లో చాలావరకు ఇంజెక్టర్లే కాబట్టి ఆ పని పెరుగుతుంది. కానీ ఇంజెక్టర్‌కి కరెంటు అందితేనే నోరు తెరుస్తుంది. ఉత్తగా నీళ్ళలో వేస్తే మూతి బయటవైపు కడుగుతుందే తప్ప లోపలికి ఏమీ పోదు. దాన్ని ఠకఠకా తెరిచి మూసే పల్సర్ అనే పరికరం విడిగా కావాలి, మూతి మాత్రమే మునగాలి, కరెంటు కనెక్టర్ తడవకూడదు. అది లేకుండా ఇంజెక్టర్ క్లీనింగ్ పేరుతో డబ్బు తీసుకోవడం న్యాయం కాదు. అరిగిపోయిన నీడిల్‌ని కూడా ఈ మెషీన్ బాగుచెయ్యదు, పిస్టన్ మీద రాయిలా పట్టిన మసి కొంతే వదులుతుంది, ఆ మాట కస్టమర్‌కి ముందే చెప్పాలి.

నాకు ఈ మెషీన్ మీద నమ్మకం కుదిరింది ఒక జూన్ నెలలో. వేట నిషేధం ఎత్తేసే ముందు రోజు కళింగపట్నం నుంచి ఒక పెద్దాయన, వెంట మనవడు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కార్బొరేటర్ పట్టుకొచ్చారు. "తెల్లారగట్ల వేటకెళ్ళాల బాబూ, సాయంత్రానికి అవుద్దా?" అన్నాడు. కవరు విప్పితే తెల్లటి ఉప్పు పొర, దాని కింద పసుపుపచ్చ బంక, జెట్లు రెండూ మూసుకుపోయాయి, మెయిన్ జెట్ స్క్రూడ్రైవర్‌కి కదలడం లేదు. పాత పద్ధతిలో అయితే ఆ జెట్‌ని బలవంతంగా తిప్పి గాడి చెడగొట్టి ఉండేవాణ్ణి. అలాగే బుట్టలో పెట్టి 55 డిగ్రీల దగ్గర మెషీన్ రెండుసార్లు నడిపాను, మూడోసారికి జెట్ చేత్తో తిప్పినంత సులువుగా వచ్చేసింది. పెద్దాయన అంతసేపూ స్టూలు మీద కూర్చుని తొట్టిలోకే చూస్తున్నాడు. మర్నాడు పొద్దెక్కాక ఆ మనవడు ఫోన్ చేసి ఇంజిను ఒక్క లాగుకే అందుకుందని చెప్పాడు.

మురికి నీళ్ళ గురించి కూడా చెప్పాలి. మా షాపు వెనకే వంశధార నీళ్ళు పారే పిల్ల కాలువ ఉంది, ఆ నీళ్ళు చేలల్లోకి పోతాయి. తొట్టి నీళ్ళలో పెట్రోల్, ఆయిల్, మసి అన్నీ ఉంటాయి. నేను ఒక రాత్రి బకెట్‌లో కదపకుండా ఉంచి, పైన తేలిన నూనె పాత గుడ్డతో అద్ది తీసి, నీళ్ళు మళ్ళీ వాడుకుంటాను. అడుగున పేరుకున్న మడ్డిని డబ్బాలో మూతపెట్టి, పాత ఇంజిన్ ఆయిల్ కొనుక్కునేవాళ్ళకే ఇచ్చేస్తాను. దయచేసి కాలువలో వంచొద్దు.

ఇప్పుడు నేను అడగదలచుకున్నవి. ఈ మెషీన్లు అమ్మేవాళ్ళు ప్రతి పెట్టెలో తెలుగు కాగితం పెట్టాలి, తొట్టి మీదే "పెట్రోల్, కిరోసిన్, థిన్నర్ పొయ్యరాదు" అని తెలుగులో ఎర్ర స్టిక్కరు అంటించాలి. అల్ట్రాసోనిక్ వాట్లు, హీటర్ వాట్లు విడివిడిగా రాయాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు ఉన్నాయి, మెకానిక్ ట్రేడ్ పిల్లలు ప్రతి ఏడూ బయటికొచ్చి షాపులు పెడుతున్నారు. ప్రతి ఐటీఐలోనూ ఒక ఆరు లీటర్ల మెషీన్ పెట్టి, ఒక్క పూట దాని మీద పని చేయించి పంపితే చాలు, వాళ్ళ షాపుల్లో పోగుతో పొడవడం ఆగుతుంది, తొట్టిలో పెట్రోల్ పొయ్యడమూ ఆగుతుంది. లోన్లు ఇచ్చేటప్పుడు బ్యాంకువాళ్ళు కొటేషన్‌లో తొట్టి కొలతలు, వాట్లు ఉన్నాయో లేదో చూస్తే ఆ 22 లీటర్ల పొరపాటు ఇంకొకరికి జరగదు. మీ పత్రికలో స్వయం ఉపాధి గురించి రాసేవాళ్ళు ఒకసారి ఇలాంటి షాపుకి వచ్చి, ఫోటోలతో రాయమని కూడా నా మనవి.

పెట్రోల్ పోసిన ఆ కుర్రాడు ఇప్పుడు మెషీన్ బాగానే వాడుతున్నాడు. తొట్టి మీద ఇన్సులేషన్ టేపు అంటించి, దాని మీద మార్కర్‌తో "నీళ్ళే" అని తనే రాసుకున్నాడు. ఎవరైనా కొనేముందు చూసుకోవాలనుకుంటే ఆదివారం మధ్యాహ్నాలు నా షాపు తీసే ఉంటుంది, మీ పార్టు ఒకటి, అల్యూమినియం రేకు ముక్క ఒకటి తెచ్చుకోండి.

ఇట్లు,
ఒక మెకానిక్,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా